టెక్ సందేహాలు: సెన్సర్ మారింది, కోడ్ మారలేదు

ఫోన్ ఛార్జింగ్ నిలవట్లేదని, వైఫై పడకగదిలోకి రావట్లేదని ఉత్తరాలు రావడం మనకు మామూలే. ఈ వారం మాత్రం డీజిల్ వాసన కొట్టింది. వానలు మొదలయ్యాక వచ్చినవాటిలో నాలుగు ప్రెషర్ సెన్సర్ల గొడవలే. సెన్సర్, వైరు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఉన్నాక అది ఈ శీర్షిక కిందికే వస్తుంది కాబట్టి ఈసారి చోటంతా వాటికే.

ప్రశ్న: నాది డీజిల్ క్యాబ్. మొన్నటి వానకు మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లలోంచి తోలుకొచ్చాను. రెండు రోజులకు చెక్ ఇంజిన్ లైట్ పడింది. గతుకుల్లో పడితే బండి ఉన్నట్టుండి ఆగిపోతోంది. స్కానర్ పెడితే పి0193 అనే లోపం కోడ్ వచ్చింది. రైల్ ప్రెషర్ సెన్సర్ పోయిందన్నారు, 7,800 పెట్టి కొత్తది వేయించాను. మూడో రోజు మళ్లీ అదే కోడ్. ఇప్పుడు ఈసీయూ మార్చాలంటున్నారు. – ఒక డ్రైవర్, ఎల్బీనగర్

జవాబు: ఈసీయూ జోలికి ఇప్పుడే పోకండి. ముందు ఆ కోడ్ ఏం చెబుతోందో చూద్దాం. పి0193 అంటే ‘రైల్ ప్రెషర్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండాల్సినదాని కన్నా ఎక్కువ’ అని. రైల్ అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే ఒత్తిడి గొట్టం. సెన్సర్ చెడిందని ఆ కోడ్‌లో ఎక్కడా లేదు. సర్క్యూట్ అంటే సెన్సర్, కప్లర్ (వైర్లను సెన్సర్‌కు తగిలించే ప్లగ్గు), అందులోని పిన్నులు, మూడు వైర్లు, ఈసీయూ అన్నీ కలిపి. మీ మెకానిక్ వాటిలో ఖరీదైనది ముందు మార్చాడు, ఇప్పుడు ఇంకా ఖరీదైనదాని మీద పడ్డాడు. మధ్యలో ఉన్న రాగి తీగను ఎవరూ చూడలేదు. వాన, గతుకులు, అప్పుడప్పుడూ ఆగడం... ఈ మూడూ కలిస్తే నా అనుమానం ముందు పోయేది కప్లర్ మీదికే.

ఆ మూడు వైర్ల సంగతి తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఒకదాంట్లో ఈసీయూ నుంచి 5 వోల్టులు వస్తాయి. రెండోది ఎర్త్, అదీ ఈసీయూలోంచే. మూడోది సిగ్నల్, సెన్సర్ తన మాట తిరిగి చెప్పేది దీంట్లోనే. రైల్లో ప్రెషర్ ఏమీ లేనప్పుడు చాలా బళ్లలో సిగ్నల్ 0.5 వోల్టు దగ్గర ఉంటుంది, ప్రెషర్ పెరిగేకొద్దీ 4.5 దాకా పోతుంది. మామూలు ఐడ్లింగ్‌లో రైల్ ప్రెషర్ 250–350 బార్, సిగ్నల్ ఒకటి, ఒకటిన్నర వోల్టు మధ్యలో. బాగున్న సెన్సర్ సిగ్నల్ సున్నాకు గానీ అయిదుకు గానీ ఎప్పుడూ వెళ్లదు. కిందా పైనా అర వోల్టు ఖాళీ వదిలింది అందుకే. ఆ ఖాళీలోకి వోల్టేజీ వెళ్లిందంటే అది ప్రెషర్ కాదు, వైరు తెగడమో అంటుకోవడమో అని ఈసీయూకు అర్థమవుతుంది. కిందికి పోతే పి0192, పైకి పోతే పి0193.

ఇక పరీక్ష. 500 రూపాయల డిజిటల్ మల్టీమీటర్ చాలు, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఇంజిన్ ఆపి, కప్లర్ పీకి, తాళం ఆన్ చేసి ఉంచండి, సెల్ఫ్ కొట్టకండి. మీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టి, ఎర్ర ప్రోబ్ 5 వోల్టుల పిన్నుకు తగిలించండి. 4.9–5.1 మధ్య రావాలి. వచ్చిందా, తర్వాత నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ మీంచి తీసి కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకే పెట్టండి. ఇప్పుడూ అంతే రావాలి. రాకపోతే ఎర్త్ వైరు తెగినట్టే. ఏ పిన్ను ఏదో మీ మోడల్ వైరింగ్ బొమ్మ చూసి తేల్చుకోండి, రంగులను నమ్ముకోవద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. కప్లర్ పీకే ఉంచి, సిగ్నల్ పిన్నును సన్నటి తీగతో ఎర్త్ పిన్నుకు కలపండి. స్కానర్‌లో సెన్సర్ వోల్టేజీ సున్నాకు పడి, కోడ్ పి0192కు మారాలి. మారితే వైరూ బాగుంది, ఈసీయూ బాగుంది. గొడవ సెన్సర్‌లోనో పిన్నుల పట్టులోనో ఉంది. మారకపోతే తీగ రెండో కొసను ఎర్త్ పిన్ను మీంచి తీసి బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించి చూడండి. అప్పుడు మారిందంటే తెగింది ఎర్త్ వైరు. అప్పుడూ మారలేదంటే సిగ్నల్ వైరు తెగి ఉండాలి, లేదా ఎక్కడో 5 వోల్టులకు అంటుకుని ఉండాలి. ఆ వైరు ఈ కొస నుంచి ఈసీయూ కొస దాకా బాగుందని తేలాకే ఈసీయూ మాట ఎత్తాలి. 12 వోల్టులు మాత్రం ఈ మూడింటిలో దేనికీ తగలనివ్వకండి, నిజంగానే ఈసీయూ కొనాల్సి వస్తుంది.

స్కానర్‌లో ‘బార్’ అంకె చూస్తూ కూర్చోవద్దు, వోల్టేజీ చూడండి. సర్క్యూట్ కోడ్ పడ్డాక చాలా ఈసీయూలు సెన్సర్‌ను పక్కన పెట్టి తమ దగ్గరున్న ఊహ అంకెతో బండి నడుపుతాయి. తెర మీద చక్కగా కనిపించే 300 బార్ నిజం ప్రెషర్ కాకపోవచ్చు.

మీ బండి అస్తమానం ఆగట్లేదు, గతుకుల్లోనే ఆగుతోంది కనుక పై పరీక్షలన్నీ పాసైపోయే అవకాశం కూడా ఉంది. అలాంటప్పుడు కప్లర్ తగిలించి, సన్నటి పిన్నును వెనక రబ్బరు సీలు పక్కనుంచి లోపలికి జార్చి మీటర్ పెట్టండి. వైరు తోలు మాత్రం పొడవకండి, ఆ రంధ్రంలోంచే వచ్చే వానకు నీళ్లు దూరతాయి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒకరు మీటర్ చూస్తుంటే ఇంకొకరు కప్లర్ దగ్గర నుంచి జానెడు జానెడు చొప్పున వైర్లను మెల్లిగా కదపాలి. ఫ్యాను బెల్టుకు చేతులు దూరం. ఏ జానెడు దగ్గర 1.2 వోల్టు ఒక్కసారి అయిదుకు ఎగిరిందో అక్కడే జబ్బు. ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కూడా చూడండి, 0.05 వోల్టు లోపు ఉండాలి. సెన్సర్ తాగే కరెంటు కొన్ని మిల్లీ ఆంపియర్లే. అంత చిన్న కరెంటుకే అర వోల్టు కనపడిందంటే పిన్నులో చిలుము బాగా పట్టినట్టు లెక్క.

కప్లర్ లోపలికి టార్చి కొట్టి చూడండి. ఆకుపచ్చ చిలుము, నల్లబడిన పిన్ను, నోరు తెరుచుకున్న టెర్మినల్... కంటికే కనపడతాయి. నా పాత బండికి ఇదే పి0193 పడ్డప్పుడు నేనూ సెన్సర్ కొన్నాను. తీరా చూస్తే ఆడ టెర్మినల్ వెడల్పయి మగ పిన్నును పట్టుకోవట్లేదు. కొత్త సెన్సర్ బిగించేటప్పుడు కప్లర్ కాస్త గట్టిగా నొక్కారు, పది రోజులు బాగా నడిచింది, మళ్లీ మొదటికొచ్చింది. వైరుతో సహా కొత్త కప్లర్ రాణీగంజ్‌లో 350కి దొరికింది. పాత సెన్సర్ ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది, దానికే రోగమూ లేదు.

తాళం ఆన్ చేసినా 5 వోల్టులే రాకపోతే అది ఇంకో కథ. ఆ 5 వోల్టులు ఈ ఒక్క సెన్సర్ సొత్తు కాదు. వీధికొక్క నల్లా ఉన్నట్టు బూస్ట్ సెన్సర్, యాక్సిలరేటర్ పెడల్ లాంటివి కొన్ని ఒకే సరఫరా మీద బతుకుతాయి. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే అందరికీ ఎండుతుంది. అప్పుడు ఒకేసారి నాలుగైదు కోడ్‌లు పడతాయి, 5 వోల్టుల సరఫరా లోపాన్ని చెప్పే పి0641, పి0642 కూడా జతకావచ్చు. మీటర్ 5 వోల్టుల పిన్ను మీదే పెట్టి ఒక్కో సెన్సర్ కప్లర్ పీకుతూ పోండి. ఏది పీకగానే 5 వోల్టులు తిరిగొచ్చాయో అదే దొంగ. అన్నీ పీకినా రాకపోతే వైరింగ్ ఎక్కడో బాడీకి రాసుకుపోయి ఉంటుంది. ఎలుకలనూ మరవకండి. సెల్లార్ పార్కింగుల్లో వాటికి వైరు తోలు మీద ఏం మోజో!

ఒక జాగ్రత్త. ఇది వైర్లతో ఆగే పని. డీజిల్ రైల్ మీది సెన్సర్‌ను గానీ పైపు నట్టును గానీ ఇంజిన్ నడుస్తుండగా ముట్టుకోవద్దు. వందల బార్ల మీద చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, చెయ్యి తీసేయాల్సిన దాకా వెళ్తుంది. లీకును వేలితో వెతకడమూ అంతే ప్రమాదం. ఇంకొకటి, మీకు ఎప్పుడైనా పి0087 వస్తే ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. అది ‘ప్రెషర్ నిజంగానే తక్కువ’ అనే కోడ్. ముందు డీజిల్ ఫిల్టర్ చూసి, తర్వాత పంపు సంగతి చూడాలి.

ప్రశ్న: బ్లూటూత్ ఓబీడీ (కారు సెన్సర్ల అంకెలు, కోడ్‌లు చదివే పరికరం) కొని ఫోన్‌కు కలిపాను. ఇంజిన్ ఆపి తాళం ఆన్ చేస్తే మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచేది) 95 కిలోపాస్కల్ చూపిస్తోంది. విశాఖలో మా బావగారిది అదే కారు, అక్కడ 101 ఉంది. నా సెన్సర్ పోయినట్టేనా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

జవాబు: పోలేదు, ఇంకా నిజమే చెబుతోంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మ్యాప్ సెన్సర్ చూసేది బయటి గాలి ఒత్తిడినే. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. వంద మీటర్లు ఎక్కితే ఒత్తిడి సుమారు 1.1 కిలోపాస్కల్ తగ్గుతుంది. బావగారి 101లోంచి ఆరు తీసేయండి, మీ అంకె వచ్చేస్తుంది. వాతావరణ వార్తల్లో హైదరాబాద్‌కు కూడా వెయ్యి మిల్లీబార్లకు పైన చెబుతారు కదా అంటారేమో, అది సముద్రమట్టానికి సర్ది చెప్పే లెక్క. మీకు 101 చూపించి ఉంటేనే నేను అనుమానించేవాణ్ని. యాప్‌లో ‘బారోమెట్రిక్’ అని ఇంకో అంకె ఉంటే ఆపిన ఇంజిన్‌లో రెండూ పక్కపక్కనే ఉండాలి, నాలుగైదు కిలోపాస్కల్ తేడా వస్తేనే సెన్సర్‌ను విప్పి చూడండి. డీజిల్ బళ్లలో ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) మసి ఆ సెన్సర్ ముక్కును మూసేస్తుంటుంది. స్ప్రే క్లీనర్ చాలు, పిన్నీసుతో మాత్రం గెలకొద్దు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ జనరేటర్ స్టార్టయిన సరిగ్గా పది సెకన్లకు ‘లో ఆయిల్ ప్రెషర్’ అని ఆగిపోతోంది. ఆయిల్ నిండా ఉంది. ఆయిల్ స్విచ్ వైరు పీకేస్తే ఆగట్లేదని వాచ్‌మన్ కనిపెట్టాడు. వారం నుంచి అలాగే నడుపుతున్నాం. ఫర్వాలేదా? – అసోసియేషన్ కార్యదర్శి, నిజాంపేట

జవాబు: ఈ ఉత్తరం చదివాక మిగతావి పక్కన పెట్టి ముందు మీకే మెయిల్ కొట్టాను. ఇవాళ్టి నుంచే ఆపండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చెప్పేది ఆయిల్ ఉందని మాత్రమే, అది బేరింగుల దాకా వెళ్తోందో లేదో దానికేం తెలుసు?

పది సెకన్ల లెక్క ఇది. ఆగి ఉన్న ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ ఎలాగూ ఉండదు. అందుకే స్టార్టయ్యాక కొన్ని సెకన్లు కంట్రోలర్ కళ్లు మూసుకుంటుంది, గడువు తీరగానే స్విచ్ వైపు చూస్తుంది. మీది ఒక్క వైరు స్విచ్. ప్రెషర్ లేనప్పుడు వైరును బాడీ ఎర్త్‌కు కలిపి ఉంచుతుంది, ప్రెషర్ వస్తే వదులుతుంది. వైరు మధ్యలో ఎక్కడైనా కాలి బాడీకి తగులుతుంటే, స్విచ్ దగ్గర పీకినా ఇంజిన్ ఆగేది. పీకితే ఆగట్లేదు కాబట్టి వైరు మంచిదే. మీ వాచ్‌మన్ తనకు తెలియకుండానే సగం పరీక్ష చేసిపెట్టాడు. ఇక మిగిలినవి రెండు. స్విచ్ లోపల అతుక్కుపోయిందో, ప్రెషర్ నిజంగానే లేదో. మొదటిదైతే కొన్ని వందల రూపాయలు, రెండోదైతే వారం నుంచి మీరు ఇంజిన్‌ను అరగదీస్తున్నట్టు.

తేల్చేది మెకానికల్ గేజ్ ఒక్కటే. స్విచ్ విప్పి అదే రంధ్రంలో గేజ్ బిగించి కొద్దిసేపు నడిపించమనండి. 1500 ఆర్‌పీఎం మీద చాలా ఇంజిన్లలో 3–5 బార్ కనపడుతుంది, మీ ఇంజిన్ పుస్తకంలో ఎంత ఉందో దాంతో పోల్చుకోండి. ముల్లు లేవకపోతే వెంటనే ఆపేయండి. ముల్లు బాగుంటే కొత్త స్విచ్ వేయించండి, మరలకు తెల్ల టేపు మాత్రం చుట్టనివ్వకండి. స్విచ్‌కు ఎర్త్ ఆ మరల గుండానే అందాలి. టేపు దాన్ని అడ్డుకుంటే రేపు నిజంగా ప్రెషర్ పడిపోయినా జనరేటర్ ఆగదు.

ప్రశ్న: బీఎస్6 డీజిల్ కారు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైట్ వస్తే, మసి కాలిపోతుందని ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట తోలాను, పోలేదు. కోడ్ పి2453. – ఉప్పల్

జవాబు: ఆ కోడ్ ఫిల్టర్‌ది కాదు, దాని ముందూ వెనకా ఒత్తిళ్ల తేడా కొలిచే సెన్సర్‌ది. సెన్సరే తప్పు లెక్క చెబుతుంటే మీరు ఔటర్ 158 కిలోమీటర్లూ చుట్టొచ్చినా లైట్ పోకపోవచ్చు. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి యాప్‌లో చూడండి, తేడా సున్నా ఉండాలి. ఉండకపోతే సెన్సర్ వైర్లను మొదటి జవాబులో చెప్పినట్టే చూడాలి. సున్నా ఉండి, రేస్ చేసినా కదలకపోతే కిందికి పోయే రెండు సన్న గొట్టాలు చూడండి. వేడికి పగిలి ఉంటాయి, ఊడి ఉంటాయి, లేదా ఈమధ్య ఎవరో విప్పి ముందుది వెనక్కి పెట్టి ఉంటారు.

ప్రశ్న: సెన్సర్ వైర్లలో కరెంటు ఉందో లేదో టెస్ట్ ల్యాంపుతో చూడొచ్చా? – ఐటీఐ విద్యార్థి, మేడ్చల్

జవాబు: వద్దు. 3 వాట్ల 12 వోల్టుల బల్బు పావు ఆంపియర్ లాగుతుంది. 5 వోల్టుల సరఫరా కొన్ని మిల్లీ ఆంపియర్ల పనికోసం పెట్టింది, అంత లాగితే కూలబడుతుంది, ఈసీయూకు దెబ్బ తగలొచ్చు. బల్బు వెలిగినా అక్కడున్నది 5 వోల్టులో 3 వోల్టులో అది చెప్పదు కూడా. ఓమ్ మీటర్ పెట్టి మూడు వైర్ల సెన్సర్ లోపలి నిరోధం కొలవడమూ దండగే, లోపల ఉన్నది ఎలక్ట్రానిక్ సర్క్యూట్, వచ్చే అంకెకు అర్థం ఉండదు. ల్యాంపును హెడ్‌లైట్ ఫ్యూజులకు దాచుకోండి.