అడంగల్‌లో ఫసలీ అంటే ఏమిటి? అది రైతు సంవత్సరం

"అడంగల్ (ఏ చేలో ఎవరు ఏ పంట వేసినారో రాసే రెవెన్యూ లెక్క) పైన ఫసలీ 1434 అని ఉంది. ఇది ఏ లెక్క, ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు. ఫసల్ అంటే అరబీ నుంచి వచ్చిన మాట, పంటకాలం అని. 2016లో వచ్చిన ఫసల్ బీమా యోజన పేరు వినే ఉంటారు, ఆ ఫసలే ఇది. ఫసలీ జూలై 1న మొదలై మరుసటి ఏడు జూన్ 30న ముగుస్తుంది. మీ 1434 అంటే 2024 జూలై నుంచి 2025 జూన్ దాకా. చాలామంది దీన్ని ఎవరికీ పనికిరాని పాత నంబరు అనుకుంటున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను.

మాది జమ్మలమడుగు పక్కన నల్లరేగడి. పప్పుశనగే మాకు దిక్కు. 2021 నవంబరులో కడప జిల్లాను వానలు ఎట్లా ముంచినాయో అందరికీ తెలుసు, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ నెలలోనే. మా పక్క కట్టలు తెగలేదు గానీ, మొలక మీదున్న శనగ నీళ్లలో కుళ్లిపోయింది. నాయన మళ్లీ విత్తనం కొని డిసెంబరులో విత్తినాడు. మార్చిలో కోత.

ఆ పంట అప్పు తిరగరాయించుకోవడానికి నాయనతో పాటు నేనూ బ్యాంకుకు పోయినా. కుర్చీలో ఉన్న కుర్ర ఆఫీసరు అడంగల్ అటూ ఇటూ తిప్పి చూసి, "పెద్దాయనా, ఇందులో 1431 అని పడింది. సంవత్సరం తప్పు. సరిచేయించుకొని రా" అన్నాడు.

నాయన ఐదో తరగతితో బడి మానేసినోడు. "తప్పు కాదు సార్. దానికి ఐదు వందల తొంభై కలపండి" అన్నాడు.

ఆయన ఫోన్లో కలిపి చూసుకున్నాడు. "2021 వచ్చింది. మరి పంట కోసింది 2022లో కదా? నేను ఏది రాయాలి?"

నాయన బల్ల మీద వేలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు జరుపుకుంటూ చెప్పినాడు. "అక్టోబరులో విత్తింది, నవంబరులో మునిగింది, డిసెంబరులో మళ్లా విత్తింది, మార్చిలో కోసింది, అన్నీ ఆ ఒక్క 1431లోనే ఉండాయి సార్. మీ క్యాలెండరే మా పంటను నడిమికి నరుకుతాంది."

ఫసలీ ఎందుకు ఉందో అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ముంగారు (ఖరీఫ్) విత్తనం నుంచి హింగారు (రబీ) కోత దాకా ఒకే గీతలో ఉండాలంటే జనవరితో మొదలయ్యే ఏడు కుదరదు. ఏప్రిల్‌తో మొదలయ్యే ఆర్థిక సంవత్సరం ఇంకా అన్యాయం. మార్చి 31 లోపల అప్పు కట్టి తిరగరాయించుకోమంటారు. అప్పటికి శనగ కళ్లం నుంచి ఇంటికి చేరుతూ ఉంటుంది. ధర వచ్చేదాకా గోడౌన్‌లో పెట్టుకుందామంటే గడువు ఆగదు. సగం మంది ఆ వారంలో వచ్చిన ధరకే అమ్ముకుంటారు.

అక్బరు కాలంలో వచ్చిన చిక్కు కూడా ఇట్లాంటిదే. ముస్లింల హిజ్రీ లెక్క చంద్రమానం, ఏడాదికి సుమారు 354 రోజులే. సూర్యుడి ఏడు కంటే పదకొండు రోజులు తక్కువ. కొన్నేళ్లకు శిస్తు కట్టమనే నెల కోతకంటే ముందుకు జరిగిపోతుంది. గింజ చేతికి రాకముందే రైతు ఏం కడతాడు? అందుకే హిజ్రీ 963ను, అంటే ఆయన గద్దెనెక్కిన 1556ను, ఆధారంగా తీసుకొని అక్కడి నుంచి సూర్యమానంలో లెక్కపెట్టించారు. దక్కనులో దీన్ని షాజహాను కాలంలో, హిజ్రీ 1046లో, అంటే 1636లో మొదలుపెట్టారు. 1636లోంచి 1046 తీసేయండి, 590 వస్తుంది. మా నాయన చెప్పిన 590 ఇదే. ఉత్తరాది ఫసలీకీ మనదానికీ రెండు మూడేళ్ల తేడా ఉండేది కూడా ఇందుకే.

మా సీమను నిజాం 1800లో ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చేసినాడు. కుంపిణీ కలెక్టరు మన్రో వచ్చి చేను చేను కొలిపించి, రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ పెట్టినాడు. దొరలు మారినా, శిస్తు మారినా, ఫసలీ మాత్రం పోలేదు. 1855లో మొదలయ్యే తేదీని జూలై 1కి మార్చినారు, అంతే.

ఊరి భూముల లెక్కలు రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. దాంతో పీడ వదిలిన ఊళ్లు చాలా ఉన్నాయి, కాదనను. కానీ ఈ లెక్కల భాష తెలిసినవాళ్లూ ఆ పొద్దే పోయినారు. ఇప్పుడు రైతుకు అప్పిచ్చే సీట్లో కూర్చునే పిల్లలకు ఫసలీ, జమాబందీ (ఏటా ఊరి శిస్తు లెక్కల తనిఖీ), నీటి తీరువా (నీటి పన్ను) అంటే ఏందో ఎవరూ నేర్పడం లేదు. తప్పు ఆ పిల్లోడిది కాదు, అన్నీ తెలుసని పంపినవాళ్లది. ఆన్‌లైన్ అడంగల్‌లో ఫసలీ పక్కనే "జూలై 2024 – జూన్ 2025" అని అచ్చు వేస్తే ఎంత ఖర్చవుతుంది? అది వేయాలి, అంతేగాని ఫసలీని ఎత్తేయమనేవాళ్ల మాట వినకూడదు.

మీ ఇంట్లో పాత భాగపరిష్కార పత్రాలు ఉంటే ఒక సంగతి చూసుకోండి. తేదీ జూలై నుంచి డిసెంబరు లోపలైతే ఫసలీకి 590 కలపాలి, జనవరి నుంచి జూన్ లోపలైతే 591. ఈ ఒక్క ఏడాది తేడా మీద అన్నదమ్ములు కోర్టుకు పోకుండా, ముందు తేదీలో నెల ఏదో చూడండి.