చోక్ తీయగానే స్నోబ్లోయర్ ఆగిపోతుంటే
స్నోబ్లోయర్ (మంచు తొలగించే మెషిన్) స్టార్టయి, చోక్ (గాలి తగ్గించే మీట) తీయగానే ఆగిపోతోందంటే, చాలావరకు కార్బ్యురేటర్‌లో (పెట్రోలును గాలితో కలిపే భాగం) పాత గ్యాస్, అంటే పెట్రోలు, జిగురు పట్టి ఉంటుంది. ట్యాంకు ఖాళీ చేసి కొత్తది పోసినా, కార్బ్యురేటర్ కింది గిన్నెలో నిరుటిదే మిగిలి ఉంటుంది. అందరూ మరిచిపోయేది ఇదే.

1. ఇంజిన్ చల్లారాక, గరాజ్ బయట, ఫ్యూయల్ వాల్వ్ మూసి స్పార్క్ ప్లగ్ వైరు తీయండి.
2. గిన్నె అడుగు బోల్టు విప్పి, ఉన్నది డబ్బాలోకి వంపండి. చాలా మోడళ్లలో ఆ బోల్టులోనే సూది మొనంత రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలోకి కార్బ్ క్లీనర్ (కార్బ్యురేటర్ శుభ్రం చేసే స్ప్రే) కొట్టి వెలుతురుకి పెట్టి చూడండి. అవతలి వెలుగు కనపడేదాకా వదలొద్దు. నా మెషిన్‌లో అడ్డుపడింది అక్కడే.
3. వాషర్‌తో సహా బిగించి, ప్లగ్ వైరు పెట్టి, వాల్వ్ తెరవండి. కారడం లేదని చూసుకోండి.
4. కీ పెట్టి, థ్రాటిల్ (వేగం మీట) కుందేలు బొమ్మ (ఎక్కువ వేగం) వైపు పెట్టి, చోక్ పూర్తిగా వేసి, ప్రైమర్ (ఇంజిన్‌లోకి పెట్రోలు పంపే రబ్బరు బటన్) రెండు మూడుసార్లు నొక్కి స్టార్టర్ తాడు లాగండి. ఇంజిన్ వేడెక్కే కొద్దీ చోక్ మెల్లగా తీయండి.