మార్బుల్ మీద యాసిడ్ పోశారు: పాలిష్ కాంట్రాక్టర్ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా హాల్లో మక్రానా మార్బుల్ పాలిష్‌ పని మొత్తం ఒక కాంట్రాక్టర్‌కి 45,000 రూపాయలకు ఇచ్చాం. చివర్లో మరకలు పోవాలని అతని మనుషులు యాసిడ్ పోసి కడిగారు. ఇప్పుడు మెరుపు పోయి ఫ్లోరంతా తెల్లటి మచ్చలు. అడిగితే ‘మీ రాయే మంచిది కాదు’ అంటున్నాడు. డబ్బు యూపీఐలో పంపాను, బిల్లు లేదు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కేసు నిలుస్తుందమ్మా, టెన్షన్ పడకండి. డబ్బు తీసుకుని చేసిన పాలిష్ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవే. అందులో నిర్లక్ష్యం సేవాలోపం. బిల్లు లేకపోయినా యూపీఐ రికార్డు, వాట్సాప్ మెసేజ్‌లు సాక్ష్యమే. వాటి ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఫోన్, కంప్యూటర్ రికార్డు అసలైనదేనని ధ్రువీకరించే పత్రం) జతచేయండి. రోజుకూలికి మనుషుల్ని పెట్టుకుని మీరే పురమాయించి చేయించుకుని ఉంటే ఈ చట్టం వర్తించడం కష్టమయ్యేది. మీది కాంట్రాక్టు కాబట్టి ఆ చిక్కు లేదు.

అసలు వాదన రాయి గురించే జరుగుతుంది. మార్బుల్‌లో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. యాసిడ్ తగలగానే నురగ వచ్చి పైపొర కరిగిపోతుంది. తాండూరు, కడప బండలు కూడా సున్నపురాళ్లే, వాటికీ అదే గతి. గ్రానైట్ అయితే మామూలు బాత్రూం యాసిడ్‌ను చాలావరకు తట్టుకుంటుంది. ఇదే వృత్తిగా బతికేవాడు ఈ తేడా తెలియదనడం నేను ఒప్పుకోను, వినియోగదారుల కమిషన్ కూడా తేలిగ్గా ఒప్పుకోదు. బీరువా కింద, గది మూలల్లో యాసిడ్ తగలని చోట చూడండి. అక్కడ మెరుపు అలాగే ఉండి, యాసిడ్ పారిన చోటే మచ్చలుంటే రాయి లోపమన్న మాట చెల్లదు. రెండు చోట్లూ ఒకే ఫొటోలో పడేలా తీయండి.

తొందరపడి మళ్లీ పాలిష్ చేయించకండి. ఈ మచ్చలు కడిగితే పోయేవి కావు, రాయిని డైమండ్ ప్యాడ్లతో అరగదీయాలి. దాంతో పాటే మీ ఆధారమూ అరిగిపోతుంది. ముందు ఒక సివిల్ ఇంజనీరు చేత చూపించి, కారణం, బాగుచేసే ఖర్చు రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి.

స్పందించకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. ఆన్‌లైన్లో ఈ కేసులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటలేదు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. గడువు 2 ఏళ్లు. బాగుచేసే ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కోర్టు ఖర్చులు అడగండి.

అప్పటిదాకా మచ్చల మీద నిమ్మకాయ, వెనిగర్ లాంటివి రుద్దకండి. అవీ ఆమ్లాలే. ఆ పాడు మీరే చేశారని అవతలివాళ్లు వాదించడానికి దారి దొరుకుతుంది. మంచినీళ్లతో తడిగుడ్డ పెట్టి తుడిస్తే చాలు.