రొమ్ము క్యాన్సర్ పాకకుండా విటమిన్ ఎ క్యాప్సూల్స్ ఇవ్వచ్చా?

విటమిన్ ఎ నుంచి తయారయ్యే మందులు క్యాన్సర్‌ని పాకించే ప్రోటీన్లను ఆపుతాయని చదివారట, గుణుపురంలో ఉన్న మీ అత్తగారికి ఆ క్యాప్సూల్స్ మొదలుపెట్టమంటారా అని అడిగారు. మీ అంతట మీరు మాత్రం వెయ్యకండి.

మాది పర్లాకిమిడి. అమ్మకి విశాఖలో కీమో నడుస్తున్నప్పుడు బరంపురం పిన్ని కాడ్ లివర్ ఆయిల్ క్యాప్సూల్స్ సీసా పంపింది, ప్రేమకొద్దీ. డాక్టరమ్మకి చూపించాం. ఆవిడ సీసా తిప్పి, సన్నటి అక్షరాల్లో విటమిన్ ఎ ఎంతుందో చదివి, అమ్మ లివర్ టెస్టు కాగితం మీద వేలు పెట్టారు. "ఇది లివర్‌లో పేరుకుంటుందమ్మా. కీమో మందుల భారం ఇప్పటికే దాని మీద ఉంది" అన్నారు. ఆ సీసా మూత మేం తీయనేలేదు.

మీరు చదివింది అబద్ధమని కాదు. విటమిన్ ఎ నుంచి ఒంట్లో తయారయ్యే రెటినోయిక్ ఆమ్లాన్ని కణం లోపల మోసే ప్రోటీన్లు ఉంటాయి. సీఆర్ఏబీపీ2 మోస్తే కణం పెరుగుదల తగ్గుతుంది. ఎఫ్ఏబీపీ5 ఎక్కువగా ఉంటే అదే ఆమ్లం వేరే చోటికి చేరి క్యాన్సర్ కణం బతకడానికే సాయపడుతుంది. ఒకే ఉత్తరం పోస్ట్‌మ్యాన్‌ని బట్టి వేరే ఇంట్లో పడినట్టు. ఇదంతా ల్యాబ్‌లో కణాల మీద, ఎలుకల మీద చూసింది. ఇటలీలో ఒక రొమ్ముకి క్యాన్సర్ వచ్చి చికిత్స అయిన దాదాపు 3,000 మంది ఆడవాళ్ల మీద ఇదే కుటుంబానికి చెందిన ఫెన్‌రెటినైడ్ అనే మందుని 5 ఏళ్లు పరీక్షించి 1999లో ఫలితాలు చెప్పారు. రెండో రొమ్ముకి క్యాన్సర్ రాకుండా ఆపడంలో మొత్తం మీద స్పష్టమైన లాభం కనబడలేదు, నెలసరి ఆగనివాళ్లలో కొంత ఆశ తప్ప. ఏపీఎల్ అనే రక్త క్యాన్సర్‌లో మాత్రం రెటినోయిక్ ఆమ్లమే ప్రాణాలు నిలబెడుతోంది. అందుకే ఈ ఆశ ఇంకా చావలేదు.

మునగాకు, గుమ్మడి, బొప్పాయి నిశ్చింతగా పెట్టండి. వాటి నుంచి ఒళ్లు తనకి కావలసినంతే తయారుచేసుకుంటుంది. నోరు పూసినప్పుడు అమ్మకి మెత్తగా మగ్గిన బొప్పాయి ముక్కలే దిగేవి.

ప్రోటీన్ల గురించి మీరు ఇప్పుడు చూడాల్సింది బయాప్సీ రిపోర్టులో. ఈఆర్, పీఆర్ (ఆడ హార్మోన్లని అందుకునేవి), హెర్2 (కణాన్ని పెరగమనేది) అని మూడు ఉంటాయి. ఈఆర్ పాజిటివ్ అయితే హార్మోన్‌ని అడ్డుకునే మాత్రలు, హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు. జబ్బు తిరగబెట్టడాన్ని ఇవి తగ్గిస్తాయని రుజువైంది. ఆ మూడూ రిపోర్టులో లేకపోతే ఈసారి వెళ్లినప్పుడే అడగండి. స్లైడ్లు, బయాప్సీ ముక్కని భద్రపరిచిన మైనపు బ్లాకు కూడా అడిగి దగ్గర పెట్టుకోండి. రేపు హాస్పిటల్ మారాల్సి వచ్చినా మీ అత్తగారికి ఊరికే మళ్లీ సూది గుచ్చరు.