భూకంపాలను అధ్యయనం చేయాలంటే ఏ దారిలో వెళ్లాలి?

2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో వచ్చిన భూకంపాన్ని ఖమ్మంలోని తమ ఇంట్లోనే అనుభవించిన నాటి నుంచి, ఇంటర్ ఎంపీసీ చదువుతున్న తమ కుమార్తె భూకంప శాస్త్రవేత్త కావాలని పట్టుబడుతున్నదనీ, ఇంజినీరింగ్ వదులుకోవడం తమకు భయంగా ఉన్నదనీ ఒక తల్లి రాశారు.

అమ్మా, ముందుగా ఒక విషయం మీ అమ్మాయికి స్పష్టంగా చెప్పండి. ఫలానా రోజున, ఫలానా చోట భూకంపం వస్తుందని ముందే చెప్పగల పద్ధతి నేటికీ లేదు. ఈ శాస్త్రజ్ఞులు చేసేది వేరు. భూకంప కేంద్రం నుంచి ముందుగా చేరే పి తరంగాలకూ, వెనుక వచ్చే ఎస్ తరంగాలకూ మధ్య వ్యవధిని కొలిచి దూరాన్ని లెక్కిస్తారు. ప్రకంపనలను నమోదు చేసే అనేక పరిశీలన కేంద్రాల కొలతలను కలిపి, ఏ లోతులో ఏ పగులు వెంట శిలలు ఎటు జరిగాయో తేలుస్తారు. ఏ ప్రాంతంలో ఎంత తీవ్రతను తట్టుకునేలా కట్టడాలు ఉండాలో చెప్పడానికి ఆధారం సమకూరుస్తారు. 1969లో భద్రాచలం వద్ద వచ్చిన భూకంపం, ములుగు భూకంపం రెండూ గోదావరి లోయలోనివే కనుక, మీ అమ్మాయికి పరిశోధనాంశం ఇంటి దగ్గరే ఉన్నదని నేను సంతోషంగా చెప్పగలను.

ఈ పనికి గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పునాది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే ఖరగ్‌పుర్, ధన్‌బాద్ ఐఐటీలలో జియోఫిజిక్స్ (భూభౌతికశాస్త్రం) కోర్సులు ఉన్నాయి. రాకపోయినా నష్టం లేదు; గణితం, భౌతికశాస్త్రాలతో బీఎస్సీ చేసి, ఉస్మానియాలో గానీ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గానీ జియోఫిజిక్స్‌లో పీజీ చేయవచ్చు. పరిశోధనే లక్ష్యమైతే ఆ తరువాత పీహెచ్‌డీ తప్పదు. అంటే ఇంటర్ తరువాత దాదాపు పదేళ్ల చదువు. కుటుంబం ఈ కాలాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఉద్యోగాల గురించి మీ ఆందోళన సహేతుకమే, ఎందుకంటే అవకాశాలు సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నంత విరివిగా ఉండవు. అయితే హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఢిల్లీలోని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం, సునామీ హెచ్చరికలు జారీ చేసే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఈ రంగంలోనివే. పీజీ తరువాత యూపీఎస్సీ నిర్వహించే జియోసైంటిస్ట్ పరీక్ష ద్వారా భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలో జియోఫిజిసిస్ట్‌గా చేరవచ్చు. చమురు, సహజవాయు అన్వేషణ సంస్థలకూ ఇదే చదువు అవసరం.

మీ అమ్మాయి ఆసక్తి భూగర్భం కన్నా, కూలని ఇళ్లు కట్టడం మీద ఎక్కువగా ఉంటే మాత్రం సివిల్ ఇంజినీరింగ్ చదివి, రూర్కీ ఐఐటీలోనో, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనో భూకంప ఇంజినీరింగ్ వైపు వెళ్లడం సరైనది. అప్పుడు మీరు కోరుకున్న ఇంజినీరింగూ దక్కుతుంది. ఈ రెండింటిలో ఏది తన ఇష్టమో ఇంటర్ పూర్తయ్యేలోగా ఆమెతోనే మాట్లాడి తేల్చుకోండి.