మార్కెట్ సందేహాలు: 500 దాటి వెనక్కొచ్చిన షేరు

ప్రశ్న: రొయ్యల మేత తయారుచేసే ఒక కంపెనీ షేరు కొంతకాలంగా 470–500 మధ్యే తిరుగుతోంది. మూడుసార్లు 500 దగ్గర ఆగిపోయింది. ఈసారి దాటిందని 504లో కొన్నాను. 507 దాకా వెళ్లి అదే రోజు 490కి పడింది. బ్రేకవుట్ (అడ్డుపడుతున్న ధరను దాటడం) విఫలమైందని ఎప్పుడు తేల్చుకోవాలి? అప్పుడు తిరగేసి అమ్మొచ్చా, అంటే షార్ట్ చేయొచ్చా (ముందు అమ్మి, తర్వాత తక్కువకు కొనడం)?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అమ్మొచ్చు. అయితే ముందు 500ని ఒక్క గీతగా చూడడం మానండి. డైలీ చార్టులో ఆ మూడుసార్లూ ధర ఎక్కడెక్కడ తిరిగిందో చూసి 497–500 అని పట్టీ గీసుకోండి.

500 పైన రెండు రకాల కొనుగోలు ఆర్డర్లు పేరుకుంటాయి: కింద షార్ట్ చేసినవాళ్ల స్టాప్‌లాస్‌లు (నష్టం ముదరకుండా ముందే పెట్టుకునే ఆర్డర్లు), బ్రేకవుట్ కోసం కాచుకున్న మీలాంటివారి ఆర్డర్లు. భారీగా అమ్మదలచినవాడికి కావలసింది అంతమంది కొనేవాళ్లే. ఆ ఆర్డర్లు అయిపోయాక కొత్తగా కొనేవాళ్లు రాకపోతే ధర నిలవదు. పైన ఇరుక్కున్నవాళ్లు తెగనమ్మడంతో పతనం ఇంకా వేగంగా సాగుతుంది. అమెరికా ట్రేడర్ రిచర్డ్ వైకాఫ్ పద్ధతిలో దీన్నే అప్‌థ్రస్ట్ అంటారు.

గట్టు మీంచి నీళ్లు పొర్లినంత మాత్రాన గండి పడినట్టు కాదు. అందుకే క్యాండిల్ క్లోజ్ (చార్టులో ఒక్కో గడువు ముగిసేసరికి ఉన్న ధర) చూడాలి. 15 నిమిషాల చార్టులో ఒక క్యాండిల్ 500 పైన క్లోజై, తర్వాతి మూడు నాలుగు క్యాండిళ్లలోపే ఇంకొకటి 497 కింద క్లోజైతే విఫలమైనట్టు లెక్క. 498–500 దాకా దిగి, వాల్యూమ్ (చేతులు మారే షేర్ల సంఖ్య) తగ్గి, 497 కింద క్లోజ్ కాకుండా ఆగితే అది రీటెస్ట్, అంటే దాటిన ధరను మళ్లీ తాకి చూడడం. అక్కడ షార్ట్ చేస్తే మీరే ఇరుక్కుంటారు. 9.15 నుంచి 9.30 వరకు వచ్చే మొదటి క్యాండిల్‌ను లెక్కలోకి తీసుకోకండి.

ఇక ఎక్కువమంది తప్పేది లెక్క దగ్గర. 497 కింద క్లోజ్ కాగానే 496లో అమ్మారనుకుందాం. స్టాప్‌లాస్ 507 పైన, 508లో. రిస్క్ 12 రూపాయలు. రేంజ్ మధ్య 485 దాకా వస్తే దక్కేది 11. ఆ బేరం వద్దు. ధర మళ్లీ 499కి ఎగబాకి అక్కడ తడబడితే అప్పుడు అమ్మండి: రిస్క్ 9, 485 దగ్గర లాభం 14, 470 దాకా జారితే 29. సగం 485లో తీసేసి, మిగతా సగానికి స్టాప్‌ను 499కి దించండి. ధర అసలు పైకి రాకుండానే జారిపోతే వదిలేయండి. వెంటపడి అమ్మితే రిస్క్ పెరుగుతుంది. క్వాంటిటీ కూడా రిస్క్‌ను బట్టే: ఖాతాలో 2 లక్షలుంటే ఒక్క ట్రేడుకు అర శాతం, అంటే 1,000 రూపాయలు. దాన్ని 9తో భాగిస్తే 111 షేర్లు. బ్రోకరేజీ, పన్నులు పోను 100 చాలు.

క్యాష్ మార్కెట్లో షార్ట్ చేస్తే అదే రోజు తిరిగి కొనాలి. షేరు అప్పర్ సర్క్యూట్లో (ఆ రోజుకు అనుమతించిన గరిష్ఠ ధర దగ్గర) ఇరుక్కుంటే కొనడానికి దొరకదు, వ్యవహారం ఆక్షన్‌కు (ఎక్స్ఛేంజ్ వేలానికి) పోతుంది. ఫలితాల రోజున, ఎగుమతుల వార్తలు వచ్చిన రోజున ఈ పద్ధతి జోలికి పోవద్దు. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పటిలాంటి వార్త ముందు ఏ పట్టీ నిలవదు. ‘ఆప్షన్స్‌లో చేస్తే?’ అనే ఆలోచన ఉంటే, 2024లో వచ్చిన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనం ఒకసారి చదవండి: మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు.

ప్రశ్న: పగలంతా కొబ్బరి వ్యాపారంలో ఉంటాను. చార్టు సాయంత్రమే చూడగలను. ఇది నాకు కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: షార్ట్ అదే రోజు తేల్చాలి కాబట్టి మీకు కుదరదు. సపోర్ట్ (ధర పడకుండా ఆగే చోటు) వైపు కుదురుతుంది, అదీ డెలివరీలోనే, అంటే షేర్లు కొని ఖాతాలో ఉంచుకుని. షేరు 470 సపోర్ట్ కింద క్లోజై, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ 473 పైన క్లోజైతే మర్నాడు కొనొచ్చు. స్టాప్ ఆ పతనంలో తాకిన కనిష్ఠానికి కొంచెం కింద. షేరు 200 రోజుల సగటు కింద నెలల తరబడి జారుతుంటే మాత్రం ముట్టుకోకండి.

స్టాప్‌ను జీటీటీ ఆర్డర్‌గా (చెప్పిన ధర తాకేదాకా రోజుల తరబడి నిలిచి ఉండేది) పెట్టుకోవచ్చు. ట్రిగర్ (ఆర్డర్ కదిలే ధర) 462 అయితే లిమిట్ (అంతకన్నా తక్కువకు అమ్మని ధర) 455 దాకా ఇవ్వండి. రెండూ ఒకటే పెడితే, తెల్లారి ధర ఏకంగా 458లో మొదలైన (గ్యాప్‌డౌన్) రోజున ఆర్డర్ వెళ్తుంది గానీ షేరు అమ్ముడుపోదు.