పాటల టీమ్ ప్రశ్నలు: శనివారం ప్రాక్టీసు ఎక్కడ చెడుతోంది?

ప్రశ్న: టీచర్ గారూ, వందనాలు. ఈ మధ్యే మా చర్చి సంఘంలో పాటల బాధ్యత నాకు అప్పజెప్పారు. పాడేవాళ్లం నలుగురం. కీబోర్డు వాయించే తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించే అన్న సింగరేణిలో పని చేస్తాడు. శనివారం రాత్రి తొమ్మిది దాకా ప్రాక్టీసు చేసినా ఆదివారం పొద్దున ఏదో ఒకటి తప్పుతూనే ఉంది. అన్నకు ప్లేడే (ఆదివారం సెలవు రోజున అదనపు డ్యూటీ) దొరికితే ఆ వారం రిథమే ఉండదు. ప్రతి వారం కొత్త పాట పెడుతున్నా సంఘం నోరు విప్పడం లేదు. పెద్దలేమో సౌండ్ తగ్గించమంటున్నారు. నాకు శుక్రవారం నుంచే టెన్షన్. ఏం చేయమంటారు? – ఒక సోదరి, భూపాలపల్లి

జవాబు: వందనాలమ్మా. సంఘం ఎందుకు పాడడం లేదో మీ ఉత్తరంలోనే ఉంది: ప్రతి వారం కొత్త పాట. ఫోన్‌లో పదిసార్లు విని మీరు నేర్చుకున్న పాటను వాళ్లు ఆదివారం ఒక్కసారి వింటారు. వచ్చే వారానికి అది పోయి ఇంకోటి వస్తుంది. ఇక పాడేదెప్పుడు? నెలకు ఒక్క కొత్త పాట చాలు. మొదటి వారం కానుకల సమయంలో టీమ్ మాత్రమే పాడండి, వాళ్లు కూర్చుని వింటారు. తర్వాతి రెండు మూడు వారాలు అదే పాటను అందరితో పాడించండి. మిగతావి వాళ్ల నోళ్లలో నానినవే ఉండాలి. యూట్యూబులో కొత్తగా ఏది వచ్చినా పాడేయాలని మన పిల్లలకు ఉబలాటం. ఆ రికార్డింగులో ఒకే గొంతును రెండు మూడుసార్లు కలిపి, మధ్యలో పొడుగాటి బిట్లు వేసి ఉంటారు. అవన్నీ తీసేసి పల్లవి, ఒక చరణం చప్పట్లతో పాడి చూడండి. అప్పటికీ బాగుంటే ఆ పాట మీ సంఘానికి పనికొస్తుంది.

ఇక శనివారం. తొమ్మిది దాకా ఏం చేస్తున్నారో మీరు రాయలేదు గానీ నేను చెప్పగలను. మొదటి గంట పాటలు ఎంచుకోవడానికే పోతుంది, తలా ఒక ఫోన్ పట్టుకుని. ఆ పని బుధవారానికే అయిపోవాలి. మంగళవారం పాస్టర్ గారికి ఫోన్ చేసి ఆదివారం వాక్యభాగం ఏమిటి, ఆ వారం బల్ల (ప్రభు భోజనం) ఉందా అని అడగండి. బుధవారం రాత్రికి వాట్సాప్ గ్రూపులో పాట పేరు, పుస్తకంలో నంబరు, స్కేల్ (శృతి), ఎవరు ఎత్తుకుంటారు, ఎన్ని చరణాలు పాడతారు అన్నీ పెట్టేయండి. ముఖ్యంగా చరణాల లెక్క. ఆదివారం జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడివే. ఒకరు మూడో చరణం ఎత్తుకుంటారు, ఇంకొకరు పల్లవికి వస్తారు, కీబోర్డు తమ్ముడు ఇద్దరి మొహాలూ చూస్తుంటాడు.

శనివారం కూర్చున్నాక ముందు కీబోర్డు ఆన్ చేయకండి. గుండ్రంగా కూర్చుని ఊరికే చప్పట్లు కొడుతూ పాడండి. చప్పట్లు ఎక్కడ జారితే అక్కడ పాట మీకు సరిగ్గా రాలేదన్నమాట. వాయిద్యాలు మోగుతుంటే ఇది బయటపడదు, గోలలో కలిసిపోతుంది. ఆ లోపం సరిచేశాకే కీబోర్డు, ప్యాడ్స్ కలపండి.

పాటలన్నీ మొదటి నుంచి చివరిదాకా పాడుతూ కూర్చోకండి. వచ్చిన పాటను మళ్లీ మళ్లీ పాడితే మనకు సంతోషమే, లాభం తక్కువ. అతుకులు ప్రాక్టీసు చేయండి. మొదటి పాట ఆఖరి లైను పాడండి, అక్కడ ఆగిపోకుండా కీబోర్డు ఒక కార్డ్ (కలిపి నొక్కే స్వరాలు) పట్టి ఉంచాలి, దాని మీదే రెండో పాట స్కేల్‌లోకి జరగాలి, మీరు మొదటి మాట ఎత్తుకోవాలి. ఇంతే. దీన్నే నాలుగైదుసార్లు చేయండి. ఆదివారం జనం పేజీలు తిప్పుకుంటూ, మీరు ఒకరినొకరు చూసుకుంటూ గడిపే ఆ ఇబ్బందైన అర నిమిషం దీనితోనే పోతుంది. చేతి సైగలు కూడా పెట్టుకోండి: వేలు పైకెత్తితే మళ్లీ పల్లవి, పిడికిలి బిగిస్తే ముగింపు. గంటన్నరలో అయిపోతుంది. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇళ్లకు చేరతారు.

ప్లేడే గురించి ఆ అన్నను ఏమీ అనకండి. ఆ మస్టర్ (ఆ రోజు హాజరు) డబ్బుతో ఏ ఫీజు కడుతున్నాడో మనకేం తెలుసు? వారం మొదట్లోనే ఆయన షిఫ్టు అడిగి తెలుసుకోండి. ఆయన రాని ఆదివారానికి డోలక్, కంజీరతో నడిచే పాత కీర్తనలు పెట్టుకోండి. రిథమ్ లేదని కీబోర్డులో ఆటోమేటిక్ బీట్ మాత్రం వేయించకండి. పాత కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి, మనవాళ్లు చూడరు. తాళం చాపు అని ఉంటే మామూలుగా ఏడు మాత్రలు (లెక్కలు): తకిట తకధిమి. దానికి కీబోర్డులో ఉన్న నాలుగు మాత్రల బీట్ తగిలిస్తే మాట సగంలో విరుగుతుంది. మీ సంఘంలో పెద్దవాళ్లు మొహం చిట్లించేది అందుకే కావచ్చు.

సౌండ్ విషయంలో నేను పెద్దల పక్షమే. మన చర్చిలు చాలావరకు రేకుల కప్పులు, సిమెంటు గోడలు. ప్యాడ్స్ శబ్దం ఆ కప్పుకు తగిలి రెండింతలవుతుంది. టీమ్ పాడుతుంటే మీరు వెళ్లి వెనక వరుసలో, ముసలమ్మలు కూర్చునే చోట నిలబడండి. పక్కన కూర్చున్న మనిషి గొంతు మీకు వినబడాలి. వినబడకపోతే తగ్గించండి. తన పాట తనకే వినబడనివాడు పాడడం మానేస్తాడు. మైకు కీచుమంటే స్పీకరు మైకుకు ఎదురుగా ఉందేమో చూడండి. స్పీకర్లు మీకు ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. మన పిల్లలు సినిమా గాయకుల్లా మైకు తలను అరచేత్తో మూసి పట్టుకుంటారు, దానితో కీచు ఇంకా పెరుగుతుంది.

ప్రొజెక్టర్ ఉంటే ఒక చిన్న మాట. అను ఫాంట్లలో (పాత డీటీపీ అక్షరాల్లో) టైపు చేసిన పాటల ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. పాటలన్నీ యూనికోడ్‌లో ఒకసారి టైపు చేయించి పెట్టుకోండి, లేదంటే ఫొటోలుగా మార్చి ఇవ్వండి. ఆ చెకింగు కూడా శనివారమే.

ఆదివారం ముప్పావు గంట ముందు రండి. గొంతు సవరించుకోండి, మైకులు చూసుకోండి, ప్రార్థన చేసుకోండి. పాట మార్చే హక్కు ఆ పొద్దున పాస్టర్ గారికి తప్ప ఎవరికీ లేదు, మీకు కూడా.

ప్రశ్న: మేడమ్, నేను కీబోర్డు ప్లేయర్‌ని. మా సిస్టర్లు పాడితే అన్నలకు అందదు, అన్నలు ఎత్తుకుంటే సిస్టర్లకు కింద మూలుగుతున్నట్టు ఉంటుంది. ఏ స్కేల్ వాయించాలి? – ఒక సోదరుడు, కాజీపేట

జవాబు: ఎత్తుకునేవాళ్ల గొంతును బట్టి స్కేల్ పెట్టడం కచేరీకి సరిపోతుంది. అక్కడ ఆడవాళ్లు ఐదు, ఐదున్నర శృతిలో, మగవాళ్లు ఒకటి, ఒకటిన్నరలో హాయిగా పాడుకుంటారు. ఆరాధనలో బెంచీల మీద ఉన్నవాళ్లు లెక్క. పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే స్వరం ఏదో కీబోర్డు మీద పట్టుకోండి. అది పై సి (C), మహా అయితే డి (D) దగ్గర ఆగేలా ట్రాన్స్‌పోజ్ చేయండి, అంటే స్కేల్ జరపండి. మగవాళ్లు అదే పాటను ఒక స్థాయి కింద పాడతారు. ఆడవాళ్లకు కింది స్వరం ‘ఏ’ (A) కన్నా దిగిపోతుంటే ఆ పాట విస్తారమే ఎక్కువ, దాన్ని టీమ్ పాటగా ఉంచేయండి. కుదిరిన స్కేల్‌ను పుస్తకంలో పాట పక్కనే పెన్సిల్‌తో రాసుకోండి. ఏ వారానికి ఆ వారం వెతుక్కునే పని తప్పుతుంది.

ప్రశ్న: పక్క ఊరి నుంచి వచ్చి తబలా వాయించే తమ్ముడికి డబ్బులు ఇవ్వాలా? సేవ కదా అంటున్నారు మా కమిటీవాళ్లు. – పరకాల

జవాబు: బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం తప్పకుండా చూడండి. నెలకు కొంత ఇవ్వగలిగితే కమిటీలో తీర్మానం చేసి లెక్కల పుస్తకంలో రాసి ఇవ్వండి. ఆదివారం ఎవరో ఒకరు వెళ్లి జేబులో కుక్కడం బాగుండదు.